వల తొక్కని పూనకం

మీకు గిట్టని సినిమా ఒకటి కళ్లముందే నాశనమైపోతుంటే మీరు చెయ్యి అడ్డం పెడతారా? నచ్చిన సినిమా సంగతి అడగడం లేదు. దానికి అభిమానం చాలు. జనాన్ని చెడగొడుతుందని నలుగురిలో మీరే తిట్టిపోసిన సినిమా, దాని ఆఖరి ముక్క మీ చేతికొస్తే ఏం చేస్తారు? వెంటనే జవాబు చెప్పకండి. పాతికేళ్ల వయసులో నేను వెంటనే చెప్పాను. అది తప్పని తెలియడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చారు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడి స్కూల్లోనే లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కుర్రతనంలో మేం ఏడెనిమిది మందిమి ఒక సంఘం పెట్టుకున్నాం. ఆదివారం ఉదయం ఒక గ్రంథాలయం వరండాలో కూర్చుని వాదించుకునేవాళ్లం. జాతకాలు, ముహూర్తాలు, జంతుబలులు, కులం, వితంతు వివాహం, ఏదీ వదిలేవాళ్లం కాదు. మాకొక కట్టుబాటుండేది. ఎవరైనా ఒక పుస్తకాన్ని విమర్శించాలంటే ముందు దాన్ని చదివి ఉండాలి. పేజీ నంబరుతో సహా చెప్పాలి. చదవకుండా నోరు విప్పినవాణ్ణి ఆ పూటకి బయట మెట్ల మీద కూర్చోబెట్టేవాళ్లం. నేనూ ఒకసారి కూర్చున్నాను. ఆ రోజు ఎండ ఇప్పటికీ గుర్తుంది.

సినిమాకు మాత్రం ఆ కట్టుబాటు పెట్టలేదు. పెట్టాలని ఎవరికీ తోచనే లేదు. పుస్తకమైతే వాదన, సినిమా అయితే మత్తు. అదీ మా లెక్క. కల్లు చెడ్డదని చెప్పడానికి తాగి చూడాలా అనేవాళ్లం.

అప్పట్లో పాత పోర్టు వైపు ఒక సినిమా హాలుండేది. పెద్ద హాళ్లలో ఆడి, చిన్న ఊళ్లన్నీ తిరిగి, గీతలు పడిపోయిన ప్రింట్లు ఆఖరికి అక్కడికి వచ్చేవి. చూసేవాళ్లలో ఎక్కువమంది పోర్టు కార్మికులూ, జాలరిపేట జనమూ. సాయంత్రం ఆట చూసినవాళ్లు షిఫ్టు బస్సు అందుకోవాలి. సినిమా పొడుగైతే ఆపరేటర్ ఒక పాటో, ఒక హాస్య సన్నివేశమో కోసి పక్కన పెట్టి, రెండు కొసలూ అతికేసేవాడు. ప్రింటు వెనక్కి పంపేటప్పుడు ఆ ముక్కని మళ్లీ దాని చోట అతికించి పంపాలి. ఆపరేటర్లందరూ పాటించే పద్ధతి అది.

ఒకసారి ఆ హాలుకి ఒక నలుపు తెలుపు సినిమా వచ్చింది. చిన్న సినిమా. అందులో కొంత భాగం మన ఊరి ఒడ్డునే తీశారు. మా సంఘంలో ఒకాయన ఆదివారం వచ్చి చెప్పాడు. అందులో ఒక జాలరి ఆడదానికి గంగమ్మ పూనుతుందట, ఆ పూనకం చూసి మగవాళ్లంతా వేటకి వెళ్లడం మానేస్తారట. ఆయనా చూడలేదు. ఆయన పక్కింటివాళ్లు వేరే ఊళ్లో చూశారు. మాకు అది చాలు. శాస్త్రం ఇంత పెరిగిన కాలంలో ఈ చీకటి ఏమిటని నేనే అర్జీ రాశాను. నలభై మంది చేత సంతకాలు పెట్టించి, మర్నాడు టికెట్ల కిటికీ ముందు బైఠాయించాం.

హాలు యజమాని మాతో వాదించలేదు. ఆయనకు ఆ సినిమా ఎలాగూ నాలుగు నిమిషాలు పొడుగు. ఆపరేటర్ని పిలిచి, "ఆ పూనకం ముక్క తీసెయ్, వీళ్ల గొడవా తీరుతుంది, బస్సు గొడవా తీరుతుంది" అన్నాడు. మేం విజయం అనుకున్నాం. ఆ ఆదివారం నేను చేసిన ఉపన్యాసానికి చప్పట్లు కొట్టారు. ఎవరూ నన్ను మెట్ల మీద కూర్చోబెట్టలేదు.

తర్వాత ఆ సంగతి మరిచిపోయాను.

కిందటేడాది ఎండాకాలంలో ఫోనొచ్చింది. అవతల ఆ ఆపరేటరే. ఆయన కొడుకు ఎనిమిదో తరగతిలో నా దగ్గర చదువుకున్నాడు, అందుకని అప్పుడప్పుడూ పలకరింపులుండేవి. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. స్టీలు ప్లాంటులో పనిచేసే ఆ కొడుకు దగ్గరే ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉంటున్నాడు.

"మాస్టారూ, మావోడు రిటైరయిపోతన్నాడు. కోటర్సు ఖాళీ సెయ్యాల. అటక దింపుతంటే నీదొకటి దొరికినాది. వొచ్చి పట్టికెల్లు" అన్నాడు.

"నాదా? నాదేముంటుంది అన్నా అక్కడ?"

"నీదే. నువ్వు కోయించిందే."

కూర్మన్నపాలెం దగ్గర బస్సు దిగి, గేటు దాటి, చెట్ల నీడన సెక్టార్ నంబర్లు చూసుకుంటూ వెళ్లాను. ఇంట్లో సామాన్లన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కి ఉన్నాయి. ఆయన నడవలో స్టూలు మీద కూర్చుని, ఒళ్లో ఒక గుండ్రటి రేకు డబ్బా పెట్టుకుని ఉన్నాడు. మూత చుట్టూ అంచంతా నల్లగా, మందంగా తారు.

"ఇదేమిటన్నా, ఇలా మూసేశావు?"

"ఉప్పుగాలి కదేటి మాస్టారూ. ఇనప సువ్వల్నే తినీస్తాది. ఫిల్ముని ఒగ్గీస్తాదా? హార్బర్లో బోట్లు బాగుసేసేవోళ్లు సెక్కల సందుల్లో నూలు కుక్కి తారు పూత్తారు. సుక్క నీరు దిగదు. ఆళ్ల దగ్గరే అడిగి తెచ్చి పూసినాను." ఆయన గొంతులో గర్వం ఉంది. మంచి పని చేసిన పనివాడి గర్వం.

స్క్రూడ్రైవరు పెట్టి చుట్టూ గీకి, మూత ఎత్తాడు. ఘాటు గుప్పుమంది. నూడుల్స్ బండి మీద వెనిగర్ సీసా తిరగబడితే వచ్చే పుల్లటి వాసన, అంతకు పదింతలు. వంటింట్లోంచి కోడలు దగ్గుతూ వచ్చి చూసి వెళ్లింది. లోపల ఫిల్ము చుట్ట చదునుగా లేదు, అంచులు అలలు తిరిగి ఉన్నాయి. లోపలి వరసలు మామిడి తాండ్ర పొరల్లా ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆయన ఒక కొస వేలితో ఎత్తబోతే పెళుసుగా విరిగింది.

ఆయన ఆ విరిగిన ముక్కని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ప్రింటుతో పాటు ఇది వెనక్కి వెళ్లలేదా?" అని అడిగాను.

అప్పుడు చెప్పాడు. ఆ హాలు ఆ ప్రింటుకి ఆఖరి మజిలీ. ఒప్పందం గడువు తీరాక డిస్ట్రిబ్యూటర్ తరఫు రిప్రజెంటేటివ్ గొడ్డలి పట్టుకుని వచ్చేవాడట. ఇంకెవరూ దొంగచాటుగా ఆడించకుండా, రీళ్లని డబ్బాలోంచి తీసి నేల మీద పడేసి అడ్డంగా నరికేవాడు. ఆ తుక్కు గోనెసంచుల్లో వెళ్లిపోయేది. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది. దాన్ని కరిగించి తీసుకునేవాళ్లుండేవారు. కథ పోయి, నటులు పోయి, పాటలు పోయి, ఆఖరికి చెంచాడు వెండి మిగిలేది.

"నరుకుతంటే సూసినాను మాస్టారూ. పన్నెండు రీళ్లు. నీ ముక్క అప్పటికి నా కేబిన్‌లో ఉండిపోనాది. ఇయ్యమని ఆడడగనేదు. నానియ్యనేదు."

"ఎందుకు దాచావు?"

"ఒక గుంట కోసం." గుంట అంటే ఇక్కడి మాటలో ఆడపిల్ల. "నువ్వు కోయించిన మర్నాడు జాలరిపేట ఆడోళ్లు గుంపుగా వొచ్చినారు. పూనకం ఆడింది ఆళ్లలో మనిసే. ఆళ్లమ్మ బొమ్మలో ఏసినాదని పదేళ్ల గుంట ఊరంతా సెప్పుకుని మరీ తీసుకొచ్చినాది. బొమ్మయిపోనాది. ఆళ్లమ్మ రానేదు. గుంట కేబిన్ మెట్లెక్కి వొచ్చి నన్నడిగినాది, 'మాయమ్మేదీ?' అని. ఏటి సెప్పను? కోసీసినానని సెప్పినాను."

నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఆయమ్మ పోనాది. ఫోటో ఒక్కటీ నేదంట. గుంట ఇప్పుడు హార్బర్లో సేపలమ్ముతాది. ఏసి సూపెడదామంటే మిసనేది మాస్టారూ? హాలు మూసీసినారు. మిసను పాత ఇనుమోడు తీసుకుపోనాడు."

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. తెలియనిది చదివి తెలుసుకోవడం ఒక్కటే నాకు చేతనైన పని. అటువంటి పాత ఫిల్ము కాలం గడిచేకొద్దీ తనలోంచే ఒక ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి బయటకి పోవాలి. డబ్బా బిగించేస్తే అది లోపలే తిరిగి తిరిగి ఫిల్మునే తింటుంది. చల్లగా, పొడిగా, కాస్త గాలి ఆడేలా ఉంచి ఉంటే ఇంకా చాలా కాలం బతికేది.

మర్నాడు ఫోన్లో ఆయన అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. మెత్తగా చెప్పి ఉండాల్సింది. లెక్క తప్పిన పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాను.

"బయటి గాలి తగలకూడదనుకున్నాను. దాని గాలే దానికి ఇసమనుకోనేదు" అన్నాడు.

నేను కోయించాను. ఆయన ప్రేమతో మూసేశాడు. ఇద్దరం కలిసి ఆ నాలుగు నిమిషాలనూ దాదాపు చంపేశాం.

మరుసటి వారం తెల్లవారక ముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. బోట్లు అప్పుడే వచ్చి ఆగుతున్నాయి. ఐసు పలకలు నూరే మిషను చప్పుడులో వేలంపాట కేకలు. ఆమె కోసం అడిగితే, రొయ్యలు వేరుచేస్తున్న ఒకావిడ తలెత్తకుండానే గట్టిగా అరిచింది. "ఓలప్పా! యాక్టరు కూతురా! నీకోసం ఎవరో బావు వొచ్చినాడు. సినిమా సేన్సు కాబోలు!" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చాలాసార్లు నవ్విన నవ్వు అది, అరిగిపోయి ఉంది.

యాభై దాటిన మనిషి. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా దోపుకుని, తట్ట ముందు కూర్చుని ఉంది. "ఏటి బావూ, సందువాలా, కోనాంలా? కోనాం ఇయ్యాల బాగున్నాది" అంది.

"చేపల కోసం కాదమ్మా. మీ అమ్మగారు సినిమాలో వేశారు కదా, దాని గురించి."

ఆమె ముఖం గట్టిపడింది. "నువ్వూ ఎటకారానికొచ్చినావేటి?"

అప్పుడు తెలిసింది నాకు. వాళ్లమ్మ సినిమాలో వేశానని చెప్పుకుంది. పేటంతా వెళ్లి చూసింది. సినిమాలో ఆమె లేదు. ఆ రోజు నుంచి పేటలో ఆమె పేరు యాక్టరు. కోతలు కోసేవాళ్లెవరు కనబడినా "యాక్టరుకి చెల్లెలేటి" అనేవారట. కొళాయి దగ్గర, వేలం దగ్గర, పెళ్లిళ్లలో కూడా. ఆమె బతికినన్నాళ్లూ ఆ మాట పడింది. పోయాక ఆ పేరు కూతురికి వచ్చింది.

"మాయమ్మ అబద్దమాడదు బావూ," అంది ఆమె, తట్టలో ఐసు సర్దుతూ. "సూటింగోళ్లు ఇడ్లీలెట్టినారని సెప్పింది. పూనకం రాకండా పూనకం ఆడమన్నారు, నవ్వాపుకోనేక సచ్చాననీది. అబద్దమాడేవోళ్లు అలాగ సెప్తారేటి?"

ఆ ముక్క దొరికిందని చెప్పాను. బతుకుతుందో లేదో తెలియదని కూడా చెప్పాను. కోయించింది నేనేనని మాత్రం చెప్పలేదు. నోటి దాకా వచ్చింది, మింగేశాను. ఎన్నో వేదికల మీద నిజం నిర్భయంగా చెప్పాలని ఉపన్యాసాలిచ్చిన గొంతు అది.

గాజువాకలో పెళ్లి వీడియోలు తీసే ఒక స్టూడియో యజమాని మాకు దొరికాడు. ఫిల్ము నడిపే యంత్రం అతని దగ్గర లేదు. కానీ కింద వెలుగు పెట్టి, పైనుంచి కెమెరాతో ఒక్కో బొమ్మని విడివిడిగా ఫోటో తీసి, తర్వాత వాటిని వరసగా పేర్చితే కదలిక వస్తుందన్నాడు. "ఆషాఢం కదండీ, పెళ్లిళ్లు లేవు, ఖాళీగానే ఉన్నాను" అన్నాడు. నా జన్మలో ఆషాఢమాసం మీద కృతజ్ఞత కలిగింది అప్పుడొక్కసారే.

మధ్యాహ్నాలు ముగ్గురం కూర్చునేవాళ్లం. ఆపరేటర్ సన్నటి వెదురుపుల్లతో పొరల మధ్య దారి చేసి, ఊపిరి బిగబట్టి, జానెడు జానెడు విడదీసేవాడు. ఎనభై ఏళ్ల చెయ్యి మామూలుగా వణుకుతుంది. ఫిల్ము ముట్టుకుంటే ఆగిపోయేది. లోపలి సగం రాయిలా అయిపోయింది, దాన్ని వదిలేశాం. బయటి వరసల్లోంచి వెయ్యికి పైగా బొమ్మలు తీయగలిగాం. సరిచూసి వరస రాయడం నా పని.

ఆ పనిలో నాకు కళ్లొచ్చాయి. ఒక్కో బొమ్మా విడిగా చూస్తే గానీ అందులో ఎంత పనితనం ఉందో తెలియలేదు. ఆ కెమెరామన్ ఎవరో నాకు తెలియదు. తడి ఇసుక మీద పడి వెనక్కి తిరిగిన వెలుతురు ముఖాల కింది నుంచి వచ్చే వేళ కోసం అతను కాచుకుని ఉన్నాడు. ముందు పూనకపు మనిషి, వెనకాల వరసగా తెప్పలు, వాటి మీద ఆరేసిన వలలు, ఆ వెనక సముద్రం. ఇప్పుడక్కడ ఆ ఒడ్డు లేదు. కాంక్రీటు ఉంది, మరబోట్లున్నాయి, డీజిలు వాసన ఉంది. అది తప్పనడం లేదు. ఒడ్డు మారుతుంది. కానీ అంతకుముందు అక్కడ మనుషులు ఎలా నిలబడేవారో, నడుం మీద చెయ్యి ఎలా పెట్టుకునేవారో, పిల్లని చంకకి ఎలా ఎత్తుకునేవారో ఏ రికార్డు రాసింది? పోర్టు లెక్కల్లో ఓడలుంటాయి, మనుషులుండరు. మత్తు అని నేను తిట్టిన ఆ ముక్కలోనే ఉన్నారు వాళ్లు.

మన జనం నటుల కటౌట్లకి పాలాభిషేకాలు చేస్తారు. పుట్టినరోజులకి రక్తదానాలు చేస్తారు, పోతే గుడి కడతామంటారు. ఆ నటుడు కదిలే ఫిల్ము మాత్రం ఏ గోదాములో పుల్లబడుతోందో ఒక్కడూ అడగడు. విగ్రహానికున్న మర్యాద చేసిన పనికి లేదు. దీన్ని భక్తి అంటారు. నేను బుద్ధిలేనితనం అంటాను. అయితే మా సంఘం చేసింది అంతకంటే ఏం మేలు? వాళ్లు చూడకుండా పూజిస్తున్నారు. మేం చూడకుండా కోయించాం.

అన్నీ పేర్చాక యాభై సెకన్లకు కాస్త అటూ ఇటూ వచ్చింది. శబ్దం లేదు. ఫిల్ము అంచున శబ్దం ఉండే పట్టీ పూర్తిగా పోయింది.

ఆమె అమ్మకం ముగించుకుని, స్నానం చేసి, మంచి చీర కట్టుకుని స్టూడియోకి వచ్చింది. వెంట ఇంకొకావిడ. హార్బర్లో రొయ్యల దగ్గర కూర్చుని అరిచినావిడే. కూతురే పట్టుపట్టి తీసుకొచ్చిందట. "కళ్లద్దాలెట్టుకోయే. తరవాత కానరానేదంటే ఒప్పుకోను" అంటూ ఆమెను తెరకి దగ్గరగా కూర్చోబెట్టింది.

బొమ్మ పడింది.

గీతలు, మచ్చలు, మధ్యలో గంతులు. వేపమండలు పట్టుకున్న ఒక మనిషి జుట్టు విరబోసుకుని ఊగుతూ ముందుకు వస్తోంది. మగవాళ్లు దండాలు పెడుతున్నారు. యాభై సెకన్లు. ఆగిపోయింది.

కూతురు చెయ్యి ఎత్తి, మళ్లీ అన్నట్టు తిప్పింది. రెండోసారి పడింది. మూడోసారి పడుతుండగా పక్కావిడే ముందు నోరు విప్పింది.

"ఓలమ్మో! అది మీయమ్మే!"

"మరి నీయమ్మనుకున్నావేటి?"

"ఆగు, ఆగు. కాలు సూడు. కిందన వలున్నాది. వల మీద అడుగెయ్యకండా సుట్టూ తిరిగెల్తంది. అమ్మోరొచ్చినోళ్లు వల సూసుకుంటారేటే?"

స్టూడియో యజమాని వెనక్కి తిప్పి నెమ్మదిగా నడిపించాడు. నిజమే. తల గిరగిరా తిరుగుతోంది, కళ్లు మూతలు పడుతున్నాయి, కాళ్లు మాత్రం ఇసుక మీద పరిచిన వల అంచు వెంబడి, వలలో ఒక్క కన్ను కూడా తొక్కకుండా, జాగ్రత్తగా పోతున్నాయి. నేనా బొమ్మల్ని వెయ్యిసార్లు చూసి వరస రాశాను. నాకు కనబడలేదు. వల విలువ తెలిసిన కళ్లకి కనబడింది.

కూతురు పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మాయమ్మే. పూనకం ఆడినా వల తొక్కదు. పొద్దు పొద్దంతా అల్లిన సెయ్యి కదా."

పక్కావిడ ఆమె వైపు తిరిగి, "పేటలో నాను సెప్తానులే," అంది. "ఇంకెవులూ నిన్నలాగ అనరు." కూతురు ఆమె భుజం మీద ఒకటి వేసింది, గట్టిగానే.

తర్వాత కూతురు తెర మీదున్న ఒక్కొక్కరినీ గుర్తుపట్టి, పేరు చెప్పుకుంటూ వచ్చింది. ఆ దండం పెట్టేవాడు మా మేనమామ, ఆ తెప్ప మా పెద్దనాన్నది, ఆ చంకలో గుంట మా చెల్లెలు. నేను రాసుకున్నాను. ఆ ముఖాలన్నిటికీ పేర్లు చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే మిగిలిందని రాస్తుంటే అర్థమైంది.

నాకొక ప్రశ్న లోపల తిరుగుతోంది. ఆ పూనకం నిజమని సినిమా చెప్పిందా? లేక, తుఫాను వేళ వేటకి పోవద్దని ఎంత చెప్పినా వినని మగవాళ్లను ఆపడానికి ఒక తెలివైన ఆడది వేసిన నాటకమని చెప్పిందా? ఆ కాళ్లు రచయిత చెప్పినట్టు నడిచాయా, లేక తనంతట తాను నడిచాయా? రెండోదైతే అది మా సంఘం పక్షాన మాట్లాడిన సినిమా. మొదటిదైతే ఖండించదగ్గదే. ఏది నిజమో తేల్చడానికి మిగతా పన్నెండు రీళ్లు లేవు. రుజువు లేకుండా ఏదీ ఒప్పుకోం అన్నవాళ్లం మేం. రుజువునే నాశనం చెయ్యడంలో మా వంతు చెయ్యీ ఉంది. ఇప్పుడు దాన్ని మెచ్చుకోవడానికీ వీల్లేదు, తిట్టడానికీ వీల్లేదు.

"మిగతాదేదీ బావూ?" అంది కూతురు.

"మిగతాది నరికేశారమ్మా. దీని లోపలి సగం రాయైపోయింది."

"మరి ఆ రోజు దీన్నెవులు కోసినారు? ఎవులో సదువుకున్నోళ్లు గోల సేసినారని మాయమ్మ సెప్పీది."

ఆపరేటర్ నా వైపు చూడలేదు. కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. చెప్పే పని నాకే వదిలేశాడు.

"నేనే కోయించాను," అన్నాను. "అర్జీ నేనే రాశాను. సినిమా చూడకుండా రాశాను. మీ అమ్మగారిని అబద్ధాలకోరని అనిపించింది నేనేనమ్మా."

ఆమె నన్ను పైనుంచి కిందకి చూసింది. నేను తిట్లకి సిద్ధపడ్డాను. తిట్టింది కూడా. "నీ సదువు తగలడా! మాయమ్మ నీకేటి సేసింది? ఒక్కపాలి ఎల్లి సూసుంటే నీ కొంపేటి మునుగును?"

కాసేపటికి శాంతించి, ఫోన్లోకి ఎక్కించిన ఆ యాభై సెకన్లు ఇంకోసారి చూసుకుంది. లేచి చీర సర్దుకుంటూ, ఒక పని ఒప్పజెప్పినట్టుగా అంది. "కోసినోడివి నువ్వే కదా. మిగతాది నువ్వే ఎతుకు. మాయమ్మ ఆ తరవాత ఏటి సేసిందో నాకు తెలియాల."

క్షమించానని అనలేదు. నేను కూడా అడగలేదు.

అప్పటి నుంచి వెతుకుతున్నాను. ఆపరేటరే దారి చెప్పాడు. ఒక సినిమాకి ఒక్క ప్రింటే ఉండదు. ఇంకో ఊళ్లో ఇంకో ప్రింటు ఆడి ఉంటుంది. అక్కడి ఆపరేటర్ అక్కడి బస్సు కోసమో, కరెంటు కోత కోసమో, నాలాంటివాడి అర్జీ కోసమో ఇంకేదో ముక్క కోసి ఉంటాడు. గొడ్డలి వచ్చినప్పుడు ఆ ముక్క కేబిన్‌లో ఉండిపోయి ఉంటుంది. ఒకడు పాట దాచి ఉంటాడు, ఒకడు ఆఖరి రీలు తోక దాచి ఉంటాడు. మూడు జిల్లాల్లో పాత ఆపరేటర్ల ఇళ్లకి తిరిగాను. కొందరు లేరు. కొందరి డబ్బాలు పిల్లలు తుక్కుకి అమ్మేశారు. ఒకరింట్లో డబ్బాలో కారప్పొడి పోసుకుంటున్నారు. రెండిళ్లలో మాత్రం ఫిల్ము దొరికింది. మాకు కావలసింది కాదు, ఎవరికో కావలసింది. వాటినీ అలాగే వెలుగు మీద పెట్టి తీస్తున్నాం.

నా కాళ్లతో నేను తిరగగలిగింది ఇంతే. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీ నాన్నో తాతో సినిమా హాల్లో పనిచేసి ఉంటే, మీ పేటలో మూసేసిన హాలు ఒకటుంటే, లేదా మీ ఇంట్లోనే ఒక పాత పెళ్లి ఫిల్ము చుట్ట ఉంటే, ఈ ఆదివారం నిచ్చెన వేసి అటక ఎక్కి, ఉన్న డబ్బాని దింపండి. మూత బిగించి ఉంటే తీసి గాలి తగలనివ్వండి. ఎండలో పెట్టకండి, నీళ్లతో తుడవకండి, పొరల్ని బలవంతంగా లాగకండి. బీరువా మీద పొడిగా, చల్లగా ఉన్న చోట పెట్టి, పని తెలిసినవాడి దగ్గరకి తీసుకెళ్లండి. అందులో ఉన్నది మీకు నచ్చకపోయినా సరే, ముందు మొత్తం చూడండి, తర్వాత తిట్టండి. అన్నిటికంటే ముందు, అందులోని మనుషుల్ని పేరు పెట్టి పిలవగలిగిన ముసలమ్మో ముసలాయనో ఇంకా ఉంటే, ఇవాళే పక్కన కూర్చుని ఆ పేర్లు రాసుకోండి.